కొత్తగా వదిలిన డిస్కస్ చేప 5 రోజులైనా ముద్ద ముట్టడం లేదు, నల్లబడి మూలన నక్కింది

నిజాంపేట_నీళ్లు:
అందరికీ నమస్తే. వివరాలన్నీ ఒకేచోట పెడుతున్నా, ఏం తప్పు చేశానో చెప్పండి.

ట్యాంకు 4 అడుగులు, నికరంగా 220 లీటర్లు. ఏడాదిగా 4 డిస్కస్‌లు ఉన్నాయి, ఒక్కోటి 5 అంగుళాలు. వాటికి ఏ ఇబ్బందీ లేదు. పోయిన మంగళవారం చెన్నై నుంచి కొరియర్‌లో రెండు కొత్తవి వచ్చాయి, ఒక్కోటి 3 అంగుళాలు. సంచిలో సుమారు 30 గంటలు ఉన్నాయి. సంచి విప్పి బకెట్‌లో పోసి, సెలైన్ పైపుతో 3 గంటలు చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలిపి, తర్వాత నేరుగా పెద్ద ట్యాంకులోకే వదిలాను.

సంచి నీళ్లు: టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 180, పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) 6.4. నా ట్యాంకు: టీడీఎస్ 520, పీహెచ్ 7.8, వేడి 27 డిగ్రీలు, అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 40. బోరు నీళ్లు 640 టీడీఎస్, కొంచెం ఆర్వో (ఫిల్టర్‌తో లవణాలు తీసేసిన నీళ్లు) కలిపి వాడతాను.

రెండూ ఫిల్టర్ పైపు వెనక నక్కి ఉన్నాయి. ఒకటి మరీ నల్లబడింది. పెల్లెట్ వేస్తే రెండోది నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తోంది, నల్లది అసలు చూడటం లేదు. నిన్నటి నుంచి తెల్లటి దారంలా మలం వేలాడుతోంది. షాపులో అడిగితే మిథిలీన్ బ్లూ, ఉప్పు వేయమన్నారు. వేశాను. మార్పు లేదు. ఇప్పుడు యాంటీబయోటిక్ వేయాలా?

పులస (నిర్వాహకులు):
వేయకండి. ఈ చర్చలో ముందు ఆ ఒక్క మాట.

తిండి మానేసిన కొత్త చేపకి కారణాలు మూడే: నీళ్లు, భయం, రోగం. అదే వరసలో చూసుకుంటూ రావాలి. మనవాళ్లు ఎప్పుడూ తలకిందులుగా మొదలుపెడతారు, ముందు మందు, చివర్లో నీళ్లు. మీ నీళ్లలో నైట్రేట్ 40 అంటే ఎక్కువే, డిస్కస్‌కి 20 లోపు ఉండాలి. అది పాత చేపలకి అలవాటైపోయింది, కొత్తవాటికి కాదు.

ఇవాళ చేయాల్సింది: 40 శాతం నీళ్లు మార్చండి. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉంటే రెండు రోజులు పెట్టి ఆ నీలం మందు లాగేయండి. మిథిలీన్ బ్లూ ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాని కూడా దెబ్బకొడుతుంది, కాబట్టి వారం పాటు రోజూ అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయండి. ఇవాళ 0 ఉంది కదా అని రేపు వదిలేయొద్దు.

తర్వాత రెండు సంగతులు చెప్పండి. చేప రెండు మొప్పలూ సమానంగా కదులుతున్నాయా? పాతవి వీటిని తరుముతున్నాయా?

నిజాంపేట_నీళ్లు:
మొప్పలు రెండూ ఒకేలా ఆడుతున్నాయి, ఒళ్లు రాసుకోవడం లేదు. తరమడం ఉంది సర్. పెద్దది ఒకటి ఇవి బయటికి వచ్చినప్పుడల్లా పక్కకొచ్చి ఢీకొడుతోంది. తిండి వేసే టైంలో ఇంకా ఎక్కువ.

బొమ్మిడాయి:
సగం జవాబు అక్కడే దొరికింది. 5 అంగుళాల నాలుగింటి మధ్యలోకి 3 అంగుళాలవి రెండు! డిస్కస్ మెతక చేప అని పేరేగానీ సిక్లిడ్ జాతి (చోటు కోసం కొట్లాడుకునే చేపలు) సిక్లిడ్ జాతే. నాలుగు ఉన్న చోట పెద్దరికం ఎవరిదో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చినవాటికి చిట్టచివరి మెట్టు. చివరి మెట్టు మీదున్న చేప ఆకలేసినా ముందుకు రాదు, వస్తే దెబ్బ తగులుతుందని దానికి తెలుసు. ఇక్కడ మీరు ఎంత రుచికరమైనది వేసినా పాతవాటి కడుపే నిండుతుంది.

విడదీయండి. వేరే గాజు ట్యాంకు లేకపోతే 60 లీటర్ల ప్లాస్టిక్ టబ్ చాలు, కొత్తది, సబ్బు తగలనిది. లేతరంగుది తీసుకోండి, నీలమో తెలుపో. నల్ల టబ్‌లో చేప ఇంకా నల్లగా మారుతుంది, రంగు తిరిగొచ్చిందో లేదో మీకు తెలియదు. అడుగున ఇసుక, రాళ్లు ఏమీ వద్దు. ఒక స్పాంజ్ ఫిల్టర్, ఒక 100 వాట్ల హీటర్, నక్కడానికి ఓ మూలన నిలువుగా 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క లేదా కడిగిన కర్రముక్క. అంతే. రెండింటినీ కలిపే ఉంచండి. డిస్కస్ ఒంటరిగా ఉంటే తినడం ఇంకా ఆలస్యమవుతుంది.

స్పాంజ్ కొత్తది పెడితే పనిచేయదు, అందులో బ్యాక్టీరియా ఉండదు. పెద్ద ట్యాంకు ఫిల్టర్‌లోంచి పాత స్పాంజ్ ముక్క కోసి దీనికి చుట్టండి.

కొరమేను_కాకినాడ:
అందరూ తర్వాత సంగతులు చెబుతున్నారు, మొదట జరిగిన తప్పు కూడా చెప్పుకోవాలి. వచ్చే నెల ఇంకొకరు ఇదే చేస్తారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

30 గంటలు మూసిన సంచిలో చేప ఊపిరి విడుస్తూనే ఉంటుంది, అమ్మోనియా వదులుతూనే ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీళ్ల పీహెచ్ పడిపోతుంది. మీకు 6.4 వచ్చింది అందుకే. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ ఆ అమ్మోనియాలో దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది చేపని పెద్దగా బాధించదు. సంచి మూతి విప్పగానే గ్యాసు బయటికి పోతుంది, పీహెచ్ లేస్తుంది. దానికి తోడు మీరు 7.8 నీళ్లు చుక్కలుగా కలిపారు. 28, 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర విషపు అమ్మోనియా నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 8 దగ్గర నూటికి 7 వంతుల దాకా ఉంటుంది. అంటే మురికి అంతే ఉంది, విషం పదింతలైంది. ఆ బకెట్‌లో 3 గంటలు కూర్చోబెట్టారు. మొప్పలు ఒరుసుకుపోయి ఉంటాయి. మొప్ప మంటతో ఉన్న చేప తినదు.

దూరం నుంచి వచ్చిన సంచికి పద్ధతి ఇది. గదిలో లైటు ఆర్పేయాలి. సంచి విప్పకుండా 15, 20 నిమిషాలు నీళ్ల మీద తేలేయాలి, వేడి సమానం కావడానికి. విప్పాక గబగబా చేపని చేత్తోనో మెత్తటి వలతోనో తీసి ట్యాంకులో వదలాలి. సంచి నీళ్లు చుక్క కూడా ట్యాంకులో పడకూడదు, మోరీలో పోయాలి.

వాలుగ:
కొరమేను అన్నా, దీంట్లో సగమే ఒప్పుకుంటా. 180 టీడీఎస్ నుంచి 520కి ఒక్క దెబ్బన వేస్తే? ఉప్పుసాంద్రతలో అంత తేడాకి ఒళ్లు సర్దుకోవాలి కదా. చుక్కల పద్ధతి పుట్టిందే దానికి.

కొరమేను_కాకినాడ:
నిజమే, అందుకే ట్యాంకునే సంచికి దగ్గరగా తేవాలి గానీ సంచిని ట్యాంకు దగ్గరికి కాదు. బయల్దేరే ముందురోజే అమ్మినవాళ్లని టీడీఎస్, పీహెచ్ అడగాలి. చేప దిగే క్వారంటైన్ టబ్‌లో ఆర్వో కలిపి టీడీఎస్ ఓ 50 అటూఇటూగా అదే చేసి ఉంచాలి. చేప నేరుగా దిగుతుంది. తర్వాత రోజుకి 50 చొప్పున మన నీళ్ల వైపు తెచ్చుకోవచ్చు. చుక్కల పద్ధతి ఊళ్లోనే షాపులో కొని గంటలో ఇంటికి తెచ్చుకున్న చేపకి బాగుంటుంది, దాని సంచిలో అమ్మోనియా అంత చేరదు.

వాలుగ:
ఇలా అయితే సరే. ఒక్కటి కలుపుతా: ఎక్కువ టీడీఎస్ నుంచి తక్కువకి ఒక్కసారిగా వేయడం, తక్కువ నుంచి ఎక్కువకి వేయడం కన్నా ప్రమాదం. కాబట్టి నిజాంపేట గారూ, ఇప్పుడు కంగారుపడి టబ్‌లో 180 నీళ్లు నింపకండి. 5 రోజులుగా అవి 520లో ఉన్నాయి. టబ్‌ని పెద్ద ట్యాంకు నీళ్లతోనే నింపి, మెల్లగా దించండి.

మీ లెక్క నేనే వేసి పెడుతున్నా. బోరు 640, ఆర్వో 40 అనుకుంటే 20 లీటర్ల బకెట్‌కి:
400 కావాలంటే బోరు 12 లీటర్లు, ఆర్వో 8.
350 కావాలంటే బోరు 10.3, ఆర్వో 9.7.
300 కావాలంటే బోరు 8.7, ఆర్వో 11.3.

రోజూ టబ్‌లో 40 శాతం మార్చండి. మొదటిరోజు 400 నీళ్లతో మారిస్తే టబ్ 472కి వస్తుంది, రెండోరోజు 350తో 423కి, మూడోరోజు 300తో 374కి. ఆ తర్వాత 300నే కొనసాగిస్తే అదే దిగుతుంది. ఒట్టి ఆర్వో మాత్రం పోయకండి. అందులో పీహెచ్‌ని పట్టి ఉంచే బైకార్బొనేట్ ఉండదు, ఓ రాత్రిలో పీహెచ్ ఢమాల్మని పడుతుంది.

కలిపిన బకెట్‌ని 24 గంటలు ఎయిర్ స్టోన్ పెట్టి ఉంచాకే వాడాలి. బోరు నీళ్లు భూమిలోంచి కార్బన్ డయాక్సైడ్‌తో వస్తాయి. కుళాయి దగ్గర పీహెచ్ 7.2 చూపించి, మర్నాటికి 8 దాటే బోర్లు మన దగ్గర చాలా ఉన్నాయి. మీ బోరుది రెండు సార్లూ కొలిచి చూడండి, ఆశ్చర్యపోతారు.

అమెజాన్_గోవిందం:
డిస్కస్ అమెజాన్ చేప, అక్కడ పీహెచ్ 5, 6 మధ్య ఉంటుంది. 7.8లో ఎలా తింటుంది? ముందు పీహెచ్ తగ్గించే మందు వేయాలి.

పులస (నిర్వాహకులు):
గోవిందం గారూ, పుట్టుక అమెజానే. కానీ మన చేతికొచ్చేవి తరతరాలుగా ఆసియా ఫారాల్లో పెరిగినవి, చెన్నైలో రంగు చేపల వ్యాపారం జరిగే కొలత్తూరు నుంచి వచ్చేవీ అంతే. 7.5 దాకా మామూలుగా తింటాయి, గుడ్లు పొదిగించాలంటేనే మెత్తటి నీళ్లు తప్పనిసరి. 640 టీడీఎస్ బోరు నీళ్లలో యాసిడ్ వేస్తే సాయంత్రం పీహెచ్ దిగుతుంది, పొద్దుటికి మళ్లీ లేస్తుంది. ఆ ఊగిసలాటకంటే కదలని 7.8 మేలు. ఆర్వో కలిపితే దానంతటదే కొంత దిగుతుంది.

కావాలంటే బాదం ఆకు వేసుకోండి. మన వీధుల్లో గొడుగులా పెరిగే నాటు బాదం చెట్టు కింద ఎర్రగా ఎండి రాలిన ఆకు. పచ్చిది కాదు, దుమ్ము రోడ్డు పక్కది కాదు. కడిగి, 40, 50 లీటర్లకి ఒకటి. బోరు నీళ్లలో పీహెచ్‌ని ఏమంత దించదు, కానీ నీళ్లు లేత టీ రంగుకి తిరిగి వెలుతురు తగ్గుతుంది. కొత్త చేపకి ఆ మసకే కావాలి.

మట్టగిడస:
తెల్ల మలం గురించి. ఇది చూడగానే అందరూ 'హెక్సామిటా' (పేగులో చేరే పరాన్నజీవి) అనేస్తారు. 5 రోజులు తినని చేప పేగులో ఏముంటుంది? జిగురు పొర. అదే తెల్లగా, పారదర్శకంగా, దారంలా వస్తుంది. కాబట్టి తినని చేపకి తెల్ల మలం ఒక్కటే రోగానికి సాక్ష్యం కాదు. తింటూ కూడా తెల్లగా వస్తుంటే అప్పుడు అనుమానించాలి. లేదా తినకపోవడంతో పాటు నుదురు కత్తి అంచులా సన్నబడుతుంటే, తల మీద చిన్న గుంటలు పడుతుంటే.

నా అభిప్రాయం: టబ్‌లోకి మార్చాక 4 రోజులు మందు లేకుండా చూడండి. అప్పటికీ తినకుండా, ఒళ్లు తగ్గుతుంటే మెట్రోనిడజోల్. మెడికల్ షాపులో దొరికే 400 మిల్లీగ్రాముల మాత్ర 40 లీటర్లకి ఒకటి. టబ్ 60 లీటర్లయితే ఒకటిన్నర. పొడి చేసి గోరువెచ్చటి నీళ్లలో బాగా కలిపి పోయాలి, తొందరగా కరగదు. లైటు ఆర్పి ఉంచాలి, వెలుతురుకి మందు పాడవుతుంది. రోజు విడిచి రోజు, వేసే ముందు సగం నీళ్లు మార్చి, 3 నుంచి 5 డోసులు. నీళ్లలో కన్నా తిండిలో బాగా పనిచేస్తుంది, కానీ తిననిదానికి తిండిలో ఎలా పెడతాం! తినడం మొదలయ్యాక అవసరమైతే 40 గ్రాముల మెత్తటి మేతలో ఒక మాత్ర కలిపి వారం పెట్టొచ్చు.

మొప్పల్లో పురుగు పడితే లక్షణాలు వేరు. ఒక మొప్ప మూసి ఒకదానితోనే ఊపిరి తీయడం, ఉన్నట్టుండి ఉలిక్కిపడి పైపుకి రాసుకోవడం. దానికి ప్రాజిక్వాంటెల్, లీటరుకి 2 మిల్లీగ్రాములు. 600 మాత్ర ఒక్కటి 300 లీటర్లకి. ఇదీ కరగడం కష్టమే. గుడ్లని ఇది చంపదు కాబట్టి వారంలోపు ఇంకోసారి వేయాలి. మీ చేపలకి ఈ లక్షణాలు లేవు, కాబట్టి వద్దు.

మామూలు యాంటీబయోటిక్ ఎందుకు వద్దంటే, పేగులో పరాన్నజీవికి అది పనిచేయదు, పైగా ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాని చంపేయొచ్చు. ఫిల్టర్ చచ్చిందంటే మూడోరోజుకి అమ్మోనియా. అప్పుడు చేప నిజంగానే తినదు.

చందువా_విశాఖ:
మేత గురించి నేను రాస్తా.

టబ్‌లోకి మార్చిన రోజు ఏమీ వేయొద్దు. మూడు పక్కలా పాత న్యూస్‌పేపర్ చుట్టండి, టబ్ అయితే పైన సగం మూత. మనుషులు నడిచే దారిలో, టీవీ ఎదురుగా, వాషింగ్ మెషీన్ పక్కన పెట్టొద్దు. తలుపు దబాలున వేసినప్పుడల్లా చేప మళ్లీ మొదటికొస్తుంది.

వేడి 27 చాలదు. 29 నుంచి 30 మధ్యకి తేవాలి, ఒక్కరోజులో మెల్లగా. అరుగుదల, ఆకలి రెండూ దానితోనే వస్తాయి. వేడి పెరిగితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, అందుకే ఎయిర్ స్టోన్ తప్పనిసరి.

రెండోరోజు నుంచి రోజుకి రెండుసార్లు, మూడోసారి వద్దు. నీళ్లు మార్చిన గంట తర్వాత మొదటిది. కొత్త నీళ్లు పడ్డాక చేపకి చురుకు వస్తుంది, అప్పుడే పెట్టాలి. గడ్డకట్టిన బ్లడ్‌వార్మ్ (చేపల మేతగా అమ్మే ఎర్ర పురుగులు) క్యూబులో నాలుగో వంతు చిన్న గిన్నెలో కరగనిచ్చి, ఆ ఎర్ర నీళ్లు వడకట్టి పారబోసి, పురుగులు మాత్రం ఇంకు ఫిల్లర్‌లోకి తీసుకోండి. చేప ముక్కుకి అంగుళంన్నర దూరంలో, కొంచెం పైనుంచి, నాలుగైదు పురుగులు మాత్రం మెల్లగా వదలండి. ముఖం మీదకి చిమ్మితే పారిపోతుంది. వదిలి పక్కకి తప్పుకోండి. నిలబడి చూస్తుంటే తినదు.

20 నిమిషాల తర్వాత మిగిలింది పైపుతో లాగేయండి. ఒక్క పురుగు కూడా ఉండకూడదు. రాత్రికైనా తింటుందేమో అని వదిలేస్తారు చూడండి, 30 డిగ్రీల నీళ్లలో అది గంటల్లో కుళ్లుతుంది, 60 లీటర్ల నీళ్లు పాడవడానికి అది చాలు.

తీసుకుని ఉమ్మేసినా బెంగ పడకండి. ఉమ్మేయడం అంటే నోరు తెరిచిందని అర్థం. ముక్క పెద్దదైనా, గట్టిదైనా, రుచి కొత్తదైనా ఉమ్ముతుంది. పెల్లెట్‌ని రెండు నిమిషాలు నీళ్లలో నానబెట్టి వేస్తే ఉమ్మడం చాలాసార్లు ఆగుతుంది.

నిజాంపేట_నీళ్లు:
టబ్‌లోకి మార్చేశా. 29.5 డిగ్రీలు. బాదం ఆకు ఒకటి వేశా. వెల్లుల్లి రసం కలిపితే తింటుందంటున్నారు, నిజమా? ఇంకొకరు బతికున్న ట్యూబిఫెక్స్ (సన్నటి ఎర్ర పురుగులు) వేస్తే ఏ చేపైనా తింటుందన్నారు.

కొరమేను_కాకినాడ:
తింటుంది. అదే సమస్య. ట్యూబిఫెక్స్ పట్టేది మురికి కాలవల్లో. కడుపు బలహీనంగా ఉన్న చేపకి ఆ కాలవలోని క్రిములన్నీ వడ్డించినట్టు. బతికున్నదే కావాలంటే ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్య లాంటి జీవి) పొదిగించుకోండి. మన తీరంలో రొయ్య హేచరీలు నడిచేదే దాని మీద కాబట్టి గుడ్ల డబ్బా దొరకడం కష్టం కాదు.

లీటరు నీళ్లు, 25 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా, ఒక చెంచా గుడ్లు. సీసా తలకిందులుగా కోసి, అడుగు నుంచి గాలి గట్టిగా కొట్టాలి, గుడ్డు ఎక్కడా కూర్చోకూడదు. 28 డిగ్రీలు, పక్కన లైటు. 24 గంటల్లో నీళ్లు నారింజ రంగుకి తిరుగుతాయి. గాలి ఆపి 10 నిమిషాలు ఆగితే పొట్టు పైకి తేలుతుంది, పిల్లలు అడుగున చేరతాయి. అడుగున టార్చి పెడితే ఇంకా త్వరగా. సన్న పైపుతో అడుగు నుంచి లాగి, పల్చటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. పొట్టు చేప కడుపులోకి పోకూడదు, అరగదు. పుట్టిన కొన్ని గంటల్లోపే పెట్టేయాలి. ఆలస్యమైతే వాటి పొట్టలోని సొన అవే వాడేసుకుంటాయి, మిగిలేది తొక్క.

3 అంగుళాల చేపకి ఇది కడుపు నింపదు. కానీ కళ్లముందు మెరుస్తూ గిలగిల్లాడే చుక్కలు చూసి నోరు తెరవకుండా ఉండటం దానివల్ల కాదు.

చందువా_విశాఖ:
వెల్లుల్లి: ఒక రెబ్బ దంచి రసంలో మేత 10 నిమిషాలు నానబెట్టొచ్చు, తప్పులేదు. వాసనకి కొన్ని దగ్గరికొస్తాయి. రోగం నయం చేస్తుందనే మాట మాత్రం నమ్మకండి. నీళ్లలో నేరుగా పోయకండి.

డాలస్_డిస్కస్:
ఇక్కడి నుంచి చదివేవాళ్ల కోసం ఒక మాట. అమెరికాలో చాలా ఊళ్లలో కుళాయి నీళ్లలో క్లోరిన్ బదులు క్లోరమైన్ వేస్తారు. ఎండలో పెట్టినా, రాత్రంతా గాలి కొట్టినా అది పోదు. సోడియం థయోసల్ఫేట్ వేస్తే క్లోరిన్ భాగం పోతుంది, అమ్మోనియా భాగం మిగిలిపోతుంది. కాబట్టి అమ్మోనియాని కూడా బంధించే కండిషనర్ కావాలి. కొత్త చేప రోజూ నీళ్లు మార్చిన గంటకే ముడుచుకుపోతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

వాలుగ:
మున్సిపల్ నీళ్లు వాడేవాళ్లకి మన లెక్క: 100 గ్రాముల హైపో (అదే సోడియం థయోసల్ఫేట్) గడ్డలు లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకోండి. క్లోరిన్ లీటరుకి 2 మిల్లీగ్రాములుంటే 20 లీటర్ల బకెట్‌కి 3 మిల్లీలీటర్లు చాలు. వానాకాలంలో నీళ్ల వాసన ఘాటుగా ఉన్న రోజు రెట్టింపు వేయండి, కొంచెం ఎక్కువైనా ఇబ్బంది లేదు.

తొందరరాముడు:
ఇంత తతంగం ఎందుకు? వేడి 34కి పెంచి ఉప్పు దండిగా వేస్తే రెండు రోజుల్లో తింటుంది.

మట్టగిడస:
34 డిగ్రీల చికిత్స ఉంది, కానీ తింటున్న, మొప్పలు బాగున్న పెద్ద చేపకి. అమ్మోనియా దెబ్బ తిన్న మొప్పకి ఆక్సిజన్ తగ్గించి, ప్రాణవాయువు అవసరం పెంచడం అంటే ఉబ్బసం ఉన్నవాడిని మెట్లెక్కించినట్టే. ఉప్పు లీటరుకి గ్రాము దాకా సరే, అంతకు మించి దేనికి? నిజాంపేట గారూ, మీ టబ్‌లో ఇప్పటికే పెద్ద ట్యాంకు ఉప్పు కొంత ఉంది కూడా. ఉప్పు కూడా టీడీఎస్‌లోకే లెక్క, మీటర్ చూసి కంగారుపడకండి.

పొట్ట ఉబ్బి, మలమే రాకపోతే మాత్రం ఎప్సమ్ సాల్ట్, 40 లీటర్లకి ఒక పెద్ద చెంచా. వంట ఉప్పు, ఇది ఒకటి కాదు.

నిజాంపేట_నీళ్లు:
టబ్‌లో నాలుగో రోజు. టీడీఎస్ 340కి వచ్చింది. అమ్మోనియా 0. ఉమ్మేసేది నిన్న సాయంత్రం బ్లడ్‌వార్మ్ ఆరేడు తిని నిలుపుకుంది. నల్లది ఇంకా తినలేదు. కానీ రంగు కొంచెం తేలింది, నిలువు చారలు కనిపిస్తున్నాయి. ఇంకో సంగతి: అది అడుగున ముఖం వంచి నోటితో నీళ్లు ఊదుతోంది. అదేం జబ్బు?

బొమ్మిడాయి:
జబ్బు కాదండీ, శుభవార్త! డిస్కస్ తిండి వెతికే తీరే అది. అడుగున ఊది, లేచిన నలకల్లో తినేది ఏరుకుంటుంది. మెట్రోనిడజోల్ డబ్బా అటక మీద పెట్టేయండి. రేపటి నుంచి పురుగులు ముక్కు దగ్గర కాదు, అడుగున అది ఊదే చోట వేయండి.

తినేదాన్ని చూసి రెండోది నేర్చుకుంటుంది, అందుకే విడదీయొద్దన్నది. అయితే తినేది మొత్తం ఊడ్చేయకుండా రెండు మూలల్లో ఒకేసారి వేయండి.

నిజాంపేట_నీళ్లు:
ఆరో రోజు. నల్లది ఇక నల్లది కాదు. పొద్దున ఆర్టీమియా, సాయంత్రం బ్లడ్‌వార్మ్ తింది. మలం గోధుమరంగులో వస్తోంది. ఇప్పుడెంత పెట్టాలి? పెల్లెట్‌కి ఎప్పుడు మార్చాలి?

చందువా_విశాఖ:
ఆకలేసింది కదా అని ఒకేసారి కుక్కకండి. మొదటి మూడు రోజులు రెండింటికీ కలిపి పూటకి అర క్యూబు, రోజుకి మూడు పూటలు. తర్వాత పెంచుకోవచ్చు. పొట్ట పక్కనుంచి కొద్దిగా గుండ్రంగా కనిపిస్తే చాలు, గోళీలా బయటికి పొడుచుకొస్తే ఎక్కువైనట్టు.

బ్లడ్‌వార్మ్ మీదే వదిలేయొద్దు. అదే కావాలని మారాం చేస్తాయి, దాంట్లో బలం తక్కువ. నాలుగైదు రోజులయ్యాక రొయ్య ముద్ద మొదలుపెట్టండి. పావుకిలో చిన్న రొయ్యలు తల, పొట్టు, నల్ల నరం తీసి, గుప్పెడు పాలకూర ఆవిరి మీద మెత్తబరిచి, చెంచా స్పిరులినా (ఒక రకం నాచు) పొడితో మిక్సీ పట్టండి. కట్టడానికి జెలటిన్ వద్దు, 30 డిగ్రీల నీళ్లలో మెత్తబడి విచ్చుకుపోతుంది. చైనా గ్రాస్ వాడండి: 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక చెంచా పొడి మరిగించి, వేలు పెట్టగలిగేంత చల్లారాక గబగబా కలిపేయాలి. ఇంకా చల్లారితే గిన్నెలోనే గడ్డకడుతుంది. ప్లాస్టిక్ కవర్లో 3 మిల్లీమీటర్ల మందాన పరిచి ఫ్రీజర్లో పెట్టి, కావాల్సినంత విరిచి, చేప కన్నంత ముక్కలుగా తరగండి.

పెల్లెట్‌కి మార్చడం: ముద్దలోనే నానిన పెల్లెట్ పొడి కలపడం మొదలెట్టండి, పదిలో ఒక వంతు నుంచి. పూటలో మొదటి వంతు ఎప్పుడూ కొత్తది పెట్టాలి, ఇష్టమైనది రెండోది. కడుపు నిండాక కొత్తది ఎవరు తింటారు!

నిజాంపేట_నీళ్లు:
అందరికీ ధన్యవాదాలు. మరి పెద్ద ట్యాంకులోకి ఎప్పుడు?

పులస (నిర్వాహకులు):
కనీసం 4 వారాలు టబ్‌లోనే, 6 అయితే ఇంకా మంచిది. అవి ఇప్పటికే 5 రోజులు పాతవాటితో కలిసి ఉన్నాయి కాబట్టి క్వారంటైన్‌తో పనేముంది అనుకోవచ్చు. పని ఉంది. ఆ 5 రోజుల్లో ఏమైనా అంటుకుని ఉంటే ఈ 4 వారాల్లో రెండు చోట్లా బయటపడాలి. అందాకా పాతవాటిని కూడా కనిపెట్టి చూడండి: ఒళ్లంతా జిగురు పొర, గుంపుగా మూలకి చేరడం, రెక్కలు ముడవడం. టబ్‌కి వల, పైపు, బకెట్ విడిగా ఉంచండి, చేయి తడి ఆరకుండా అక్కడి నుంచి ఇక్కడికి పెట్టొద్దు.

4 వారాలయ్యాక నేరుగా కలపకండి. పాతవాటిలో ఒకదాన్ని టబ్‌లోకి తెచ్చి 10 రోజులు వీటితో ఉంచండి. రెండు వైపులా ఆరోగ్యంగా ఉన్న చేపలే కలిసినప్పుడు జబ్బుపడటం డిస్కస్‌లో మామూలు. ఒకరి క్రిమికి ఒకరికి అలవాటుండదు. పోతే ఒకటి పోతుంది, ఆరూ పోవు. 60 లీటర్లలో మూడు ఉన్నన్నాళ్లూ రోజూ సగం నీళ్లు.

నిజాంపేట_నీళ్లు:
ఏదాన్ని తేవాలి సర్? ఢీకొట్టే పెద్దదాన్నా?

బొమ్మిడాయి:
దాన్ని తెస్తే టబ్‌లో మళ్లీ మంగళవారమే. నాలుగింటిలో అన్నిటికంటే చిన్నది, మెతకది తెండి. పెద్దదాని సంగతి కలిపే రోజు చూద్దాం: ఆ రోజు ముందుగా ట్యాంకులో కర్రలు, మొక్కలు అన్నీ చోటు మార్చి పెట్టండి, ఎవరి మూల ఎవరిదో దానికే తెలియకుండా పోవాలి. లైటు ఆర్పి, సాయంత్రం, పాతవాటికి కడుపునిండా మేత పెట్టాక, మూడింటినీ ఒకేసారి వదలండి. ఇంకా వెంటపడితే ఆ పెద్దదాన్నే నాలుగు రోజులు టబ్‌లో పెట్టండి. తిరిగొచ్చేసరికి కొత్తగా వచ్చింది అదే అవుతుంది.

వాలుగ:
ఆ లోపు పెద్ద ట్యాంకు నైట్రేట్ 40 నుంచి 20కి తెచ్చి, టీడీఎస్ కూడా ఇదే మెట్ల లెక్కన 300, 350 మధ్యకి దించి ఉంచండి. రెండు చోట్లా మీటర్ ఒకే అంకె చూపించిన రోజు కలపండి.